పటం పక్కన కథకుడు లేనప్పుడు: ఆరోగ్య లెక్కలతో ఇన్ఫోగ్రాఫిక్ చేయడం ఎలా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత తెలంగాణ పట్టిక తెరిస్తే నూట ముప్పై దాకా సూచికలు వరసపెట్టి ఉంటాయి. అందులో ఒకటి: రాష్ట్రంలో ఆపరేషన్ కాన్పులు 60.7 శాతం. ఆ పీడీఎఫ్‌ను ఉన్నదున్నట్టు ఊరి వాట్సాప్ గ్రూపులో పడేస్తే తెరిచేవాళ్లు ఉండరు. అదే అంకెను ఒక బొమ్మగా, అంటే ఇన్ఫోగ్రాఫిక్‌గా, చేసి పెడితే పొద్దుగూకేలోపు జనగామ నుంచి భూపాలపల్లి దాకా తిరుగుతుంది.

తిరగడంతోనే చిక్కు మొదలవుతుంది. చేర్యాల పటం (కథను వరసగా బొమ్మల్లో వేసిన పొడవాటి గుడ్డ చుట్ట) విప్పి కథ చెప్పడం చూసినవాళ్లకు ఈ చిక్కు తొందరగా అర్థమవుతుంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు ఒక్కో బొమ్మను చూపిస్తూ, పాడుతూ, మధ్యలో ఎవరైనా అడిగితే ఆగి జవాబు చెబుతూ పోతారు. పటంలో లేనిది కథకుడి నోట్లో ఉంటుంది. వాట్సాప్‌లో పోయే బొమ్మ వెంట కథకుడు పోడు. ఎవరి లెక్క, ఎప్పటి లెక్క, ఎంతమందిలో అంతమంది అన్నది బొమ్మలోనే లేకపోతే, చూసినవాళ్లు తమకు తోచింది చేర్చుకుని ముందుకు పంపిస్తారు. అందుకే కింద చెప్పే ప్రతి పనికీ కొలబద్ద ఒకటే: మీరు పక్కన లేకపోయినా ఆ బొమ్మ తప్పుగా అర్థం కాకుండా ఉందా?

పీహెచ్‌సీలో పనిచేసేవాళ్లు, కాకతీయ యూనివర్సిటీలో ప్రాజెక్టు చేసే పిల్లలు, బళ్లో గోడ పత్రిక పెట్టే టీచర్లు, స్థానిక వార్తలు రాసేవాళ్లు, ఎవరైనా ఈ పని చేయొచ్చు. మొదటి నుంచి చివరిదాకా ఆ 60.7నే ఉదాహరణగా పట్టుకుందాం. అవసరమైన చోట పక్కదారి పడదాం.

ముందు ఒక వాక్యం రాయండి

కంప్యూటర్ జోలికి పోకముందే కాగితం మీద ఒక వాక్యం రాయండి. బొమ్మ చూసినవాళ్లు ఇంటికెళ్లి ఏమని చెప్పాలో ఆ వాక్యమే అది. "తెలంగాణలో తల్లీబిడ్డల ఆరోగ్యం" అనేది వాక్యం కాదు, ఫ్లెక్సీ మీద రాసే పేరు. "తెలంగాణలో వంద కాన్పుల్లో 61 ఆపరేషన్లే. దేశం మొత్తం మీద చూస్తే వందకు 22 లోపే" అంటే వాక్యం. బొమ్మకు పెట్టే శీర్షిక కూడా ఇదే కావాలి. శీర్షికలో విషయం చెప్పేస్తే కింద బొమ్మకు సాక్ష్యం చెప్పే పని మాత్రమే మిగులుతుంది.

ఆ వాక్యానికి పనికిరాని అంకె ఏదీ లోపలికి రానివ్వకండి. ఆరోగ్య పోస్టర్లు చాలావాటిలో రక్తహీనత, టీకాలు, బీపీ, షుగర్, మరుగుదొడ్లు అన్నీ ఒకే కాగితం మీద కుక్కి, పైన పెద్దమనుషుల ఫొటోలు పెడతారు. చూసేవాళ్ల కన్ను ఫొటోల దగ్గరే ఆగిపోతుంది. మూడు విషయాలు చెప్పాలనుకుంటే మూడు బొమ్మలు చేయండి.

ఎవరి కోసమో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఇదే అంకె గర్భిణికి ఒకలా చెప్పాలి, కలెక్టరేట్ మీటింగులో ఇంకోలా చెప్పాలి. గర్భిణికి రాష్ట్ర సగటుతో పని లేదు, తనకు ఆపరేషన్ ఎందుకంటున్నారో డాక్టరును అడిగే ధైర్యం కావాలి. మీటింగులో కూర్చున్నవాళ్లకు ఏ దవాఖానల్లో ఎక్కువగా జరుగుతున్నాయో కావాలి. మనం ఇక్కడ ఫోన్‌లో చూసే మామూలు పాఠకుడి కోసం చేస్తున్నాం అనుకుందాం.

అంకె ఏ ఇంటిదో కనుక్కోండి

పనిలో సగం ఇక్కడే ఉంది. బొమ్మ గీయడానికి పట్టే టైము కంటే దీనికి ఎక్కువ పట్టినా ఫర్వాలేదు.

జనాభా, ఆరోగ్య లెక్కలు మనకు ముఖ్యంగా నాలుగు ఇళ్ల నుంచి వస్తాయి. మొదటిది జనగణన. ఇంటింటికీ తిరిగి అందరినీ లెక్కపెడతారు. చివరిసారి జరిగింది 2011లో. అప్పుడు దేశ జనాభా 121 కోట్లు, తెలంగాణ ప్రాంతంలో మూడున్నర కోట్లు, ఉమ్మడి వరంగల్ జిల్లాలో 35 లక్షలు. 2021లో జరగాల్సిన గణన జరగలేదు. రాబోయే గణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. అంటే 2011 తర్వాతి దేశ జనాభా అంకె ఏది చూసినా అది అంచనానే. 2023 ఏప్రిల్‌లో మనం చైనాను దాటిపోయామని చెప్పిన 142.86 కోట్ల అంకె కూడా ఐక్యరాజ్యసమితి అంచనా. బొమ్మ మీద "అంచనా" అన్న మాట అంకె పక్కనే ఉండాలి, కింద చిన్నక్షరాల్లో కాదు.

రెండోది మనం వాడుతున్న కుటుంబ ఆరోగ్య సర్వే. ఇది అందరినీ అడగదు, ఎంపిక చేసిన ఇళ్లనే అడుగుతుంది. ఐదో విడతలో దేశమంతా కలిపి దాదాపు 6.37 లక్షల ఇళ్లు, తెలంగాణలో 27,351 ఇళ్లు. నివేదిక అట్ట మీద 2019-21 అని ఉంటుంది గానీ తెలంగాణలో సర్వే నడిచింది 2019 జూన్ 30 నుంచి నవంబర్ 14 వరకే. ఇది చిన్న వివరంలా కనబడుతుంది. కానీ 2019-21 అన్నది చూసి "కోవిడ్ కాలంలో తెలంగాణ ఆరోగ్యం" అని బొమ్మ చేస్తే మొత్తం తప్పు. ఆ అంకెలన్నీ కోవిడ్ రాకముందువి.

మూడోది రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం నడిపే నమూనా నమోదు విధానం. అందరూ ఎస్‌ఆర్‌ఎస్ అంటారు. శిశు మరణాలు, మాతృ మరణాల రేట్లకు ఇదే ఆధారం. 2018-20లో బిడ్డ ప్రాణంతో పుట్టిన లక్ష కాన్పులకు మాతృ మరణాలు దేశంలో 97, తెలంగాణలో 43. ఇక్కడ మూడేళ్లు కలిపి ఎందుకు చెబుతారంటే, ఒక్క ఏడాది నమూనాలో వచ్చే మరణాలు చాలా తక్కువ కాబట్టి రేటు నిలకడగా ఉండదు. "2020లో తెలంగాణ మాతృ మరణాలు 43" అని రాయకండి.

నాలుగోది దవాఖానలు నెలనెలా పంపే రిపోర్టులు. ఇవి తాజాగా ఉంటాయి, మండలం స్థాయికి కూడా దొరుకుతాయి, అందుకే చేయి అటే పోతుంది. అయితే వీటిలో ఒక మెలిక ఉంది. రిపోర్టులో ఉండేది అక్కడ జరిగిన కాన్పుల లెక్క. వరంగల్‌లోని సీకేఎం, ఎంజీఎం లాంటి పెద్ద సర్కారు దవాఖానలకు చుట్టుపక్కల జిల్లాల నుంచి కష్టమైన కేసులు వస్తాయి. వరంగల్‌లో జరిగిన కాన్పుల్లో ఆపరేషన్లు ఎక్కువని చూపిస్తే, వరంగల్ ఆడవాళ్లకు ఆపరేషన్లు ఎక్కువని చదువుతారు. ఈ రెండూ ఒకటి కాదు.

ఒక ఇంటి అంకెను ఇంకో ఇంటి అంకె పక్కన నిలబెట్టినప్పుడు ఏమవుతుందో ఆడ-మగ నిష్పత్తి చూస్తే తెలుస్తుంది. 2011 జనగణనలో వెయ్యి మంది మగవాళ్లకు 943 మంది ఆడవాళ్లు. ఐదో విడత సర్వేలో 1,020. రెండు కడ్డీలు (బార్లు) గీసి "పదేళ్లలో 77 పెరుగుదల" అని శీర్షిక పెట్టిన బొమ్మలు అప్పట్లో తెగ తిరిగాయి. సర్వే వాళ్లు లెక్కపెట్టింది ముందు రాత్రి ఆ ఇంట్లో పడుకున్నవాళ్లను. పని కోసం బొంబాయికో, దుబాయికో పోయిన మగవాళ్లు, హాస్టళ్లలో, బ్యారక్‌లలో ఉండేవాళ్లు అందులోకి రారు. కరీంనగర్, జగిత్యాల వైపు ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అదే సర్వేలో పుట్టినప్పటి నిష్పత్తి చూస్తే వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు దేశంలో 929, తెలంగాణలో 894. పండగ చేసుకునే అంకె కాదది.

ఇక "ఎంతమందిలో" అన్న ప్రశ్న. అదే పట్టికలో తెలంగాణ పిల్లల్లో 70.0 శాతానికి రక్తహీనత అని ఉంటుంది. ఏ పిల్లలు? ఆరు నెలలు నిండి ఐదేళ్లు దాటనివాళ్లు. దీన్ని హైస్కూలు గోడ మీద అంటిస్తే అక్కడ చదివే పిల్లలంతా తమ గురించే అనుకుంటారు. అంగన్‌వాడీలో పెట్టాల్సిన బొమ్మ అది. ఆడవాళ్ల అంకె 57.6 శాతం 15 నుంచి 49 ఏళ్లవాళ్లది, అరవై దాటినవాళ్లు అందులో లేరు. అంకె పక్కనే వయసు రాయండి. వయసు లేని ఆరోగ్య శాతానికి అర్థం లేదు.

జిల్లా పట్టికలు తెరిస్తే కొన్ని అంకెలు బ్రాకెట్లలో ఉంటాయి. అంటే ఆ అంకె వెనక 25 నుంచి 49 మంది మాత్రమే ఉన్నారని అర్థం. నక్షత్రం గుర్తు ఉంటే 25 మంది కూడా లేరు, అందుకే అంకె ఇవ్వలేదు. బ్రాకెట్లలోది తీసుకుని బొమ్మ చేయకండి. ఎంత ఊరించినా సరే.

గుణించి చూడండి

పట్టికలోని అంకెలను నమ్మడానికి ముందు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయో లేదో చూసుకోవాలి. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. మంచి బొమ్మ తరచూ ఈ లెక్కలోంచే పుడుతుంది.

ఆపరేషన్ కాన్పులకు తెలంగాణ పట్టికలో మూడు అంకెలు ఉన్నాయి. మొత్తం మీద 60.7 శాతం. ప్రైవేటు దవాఖానల్లో 81.5. సర్కారు దవాఖానల్లో 44.5. చాలామంది మూడు కడ్డీలు నిలబెట్టి వదిలేస్తారు. చూసినవాళ్లకు ఒక అనుమానం వస్తుంది: 81.5, 44.5 కలిపి సగం చేస్తే 63 కదా, 60.7 ఎలా అయింది?

అదే పట్టికలో ఇంకో రెండు వరసలు చూడండి. దవాఖానల్లో జరిగిన కాన్పులు 97.0 శాతం, సర్కారు దవాఖానల్లో జరిగినవి 49.7 శాతం, రెండూ మొత్తం కాన్పుల్లోనే. మిగతా 47.3 ప్రైవేటు, 3 దవాఖాన బయట. ఇప్పుడు 49.7లో 44.5 శాతం అంటే 22.1. 47.3లో 81.5 శాతం అంటే 38.5. రెండూ కలిపితే, దశాంశాల సవరింపు తేడా పోను, 60.7కు చేరుతాం. లెక్క కుదిరింది.

కుదరడమే కాదు, కొత్త సంగతి కూడా బయటపడింది. తెలంగాణలో వంద కాన్పులు తీసుకుంటే సర్కారు దవాఖానల్లో 50, ప్రైవేటులో 47, ఇంటి దగ్గరో దారిలోనో 3. ఆ 50లో 22 ఆపరేషన్లు, ఆ 47లో 39 ఆపరేషన్లు. మూడు కడ్డీల బొమ్మ ఈ కథ చెప్పలేదు. ఇది చెబుతుంది. "ప్రైవేటు వాళ్లే అంతా" అనేవాళ్లకూ, "సర్కారు దవాఖానల్లో అన్నీ నార్మలే" అనేవాళ్లకూ ఇద్దరికీ ఇందులో జవాబు ఉంది. దేశం మొత్తం మీద సర్కారు దవాఖానల్లో ఆపరేషన్లు 14.3 శాతమే. మన సర్కారు దవాఖానల 44.5ను దాని పక్కన పెట్టి చూడండి.

అంకెకు తగ్గ రూపం

వందలో ఇన్ని అని చెప్పడానికి నాకు తెలిసి అన్నిటికన్నా మంచి రూపం వంద గడుల చదరం. పది వరసలు, వరసకు పది గడులు. శాతం అంటే తెలియనివాళ్లు కూడా గడులు లెక్కపెట్టగలరు. మన బొమ్మలో సర్కారు దవాఖానల 50 గడులు ఎడమ సగం, ప్రైవేటు 47 కుడి సగం, మూలన ఆ 3 విడిగా. ఆపరేషన్ గడులకు ముదురు రంగు, మామూలు కాన్పులకు అదే రంగులో లేతది.

ఇక్కడ చేతికి తగిలే చిన్న ఇబ్బంది ఒకటి చెబుతాను. ప్రతి ముక్కనూ విడివిడిగా దగ్గరి పూర్ణాంకానికి మారిస్తే 22, 28, 39, 9, 3 వస్తాయి. కలిపితే 101. గడులు వందే ఉన్నాయి. అలాంటప్పుడు శీర్షికలో ఉన్న అంకెలను కాపాడుకోవాలి. శీర్షికలో 61 ఆపరేషన్లని చెప్పాం, పక్కన 50, 47, 3 అని రాశాం. వాటిని కదపకుండా ప్రైవేటు మామూలు కాన్పులను 9కి బదులు 8 గడులు చేస్తే సరిపోతుంది. కింద "గడులు దాదాపు" అని ఒక మాట, అసలు శాతాలు చిన్న అక్షరాల్లో.

పై (pie) చార్టు, అదే రొట్టె ముక్కల్లా కోసే గుండ్రటి బొమ్మ, జనానికి బాగా అలవాటు. కానీ దాన్ని వాడే ముందు ఒక్కటి అడగండి: ముక్కలన్నీ కలిస్తే ఒకటే మొత్తం అవుతుందా? తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 33.1 శాతం, ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు 21.7, వయసుకు తగ్గ బరువు లేనివాళ్లు 31.8. మూడూ కలిపితే 86.6. "మిగతా 13.4 శాతం ఆరోగ్యంగా ఉన్నారు" అని గుండ్రం పూర్తి చేయాలని చేయి దురద పెడుతుంది. ఒకే పాప మూడింట్లోనూ ఉండొచ్చు. ఇవి ముక్కలు కావు, మూడు వేర్వేరు కొలతలు. మూడు కడ్డీలు గీయండి, చాలు.

కడ్డీలంటే మాట వచ్చింది: కడ్డీ ఎప్పుడూ సున్నా నుంచే లేవాలి. దవాఖాన కాన్పులు నాలుగో విడతలో 91.5 శాతం, ఐదో విడతలో 97.0. గీతను 90 దగ్గర మొదలుపెడితే రెండో కడ్డీ మొదటిదానికి నాలుగున్నర రెట్లకు పైగా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి తనంతట తానే ఇలా చేస్తుంది, కాబట్టి చూసి సరిచేయాలి.

మనిషి బొమ్మను పెద్దది చేసి పోలిక చూపించడం ఇంకా ప్రమాదం. తెలంగాణ 60.7, దేశం 21.5. తేడా మూడు రెట్లకు కాస్త తక్కువ. గర్భిణి బొమ్మను అంత ఎత్తుకు లాగితే వెడల్పు కూడా అంతే పెరుగుతుంది, కాగితం మీద ఆక్రమించే చోటు ఎనిమిది రెట్లవుతుంది. కన్ను చోటునే చూస్తుంది. బొమ్మ సైజు మార్చకండి, బొమ్మల సంఖ్య మార్చండి.

సంతాన సాఫల్య రేటు లాంటివి వచ్చినప్పుడు సంఖ్య మార్చడమూ తిప్పలే. తెలంగాణలో ఒక్కో మహిళకు 1.8 మంది పిల్లలు, దేశంలో 2.0. ఒక పాపను, ఇంకో పాపలో నడుము పైభాగాన్ని గీసిన బొమ్మలు ఉన్నాయి. చూస్తే భయమేస్తుంది. పదిమంది ఆడవాళ్లు, వాళ్ల ముందు పద్దెనిమిది మంది పిల్లలు గీయండి. జనాభా ఒక తరం నుంచి ఇంకో తరానికి అలాగే నిలవాలంటే 2.1 ఉండాలంటారు, అంటే ఇరవై ఒక్కమంది. ఖాళీగా మూడు గుర్తులు పెడితే చూసినవాళ్లకు విషయం అందుతుంది.

మాతృ మరణాల లాంటి చిన్న రేట్లను "ఇన్నిటిలో ఒకటి" అని మార్చితే దగ్గరగా అనిపిస్తుంది. తెలంగాణలో సుమారు 2,300 కాన్పులకు ఒక తల్లి, దేశంలో 1,030కి ఒకరు. ఒక్క అంకె చెప్పేటప్పుడు బాగుంటుంది. రెండు పక్కపక్కన పెట్టారంటే పెద్ద అంకె ఉన్నచోటే ఎక్కువ చావులని చాలామంది చదువుతారు. పోలిక కావాలంటే లక్షకు 43, లక్షకు 97 అనే ఉంచి అన్ని చుక్కలు పెట్టండి.

అప్పుడు, ఇప్పుడు

ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత దేశంలో నాలుగో విడతలో 58.6 శాతం, ఐదో విడతలో 67.1. ఎంత పెరిగింది? తీసేస్తే 8.5. కానీ "8.5 శాతం పెరిగింది" అంటే తప్పు, 58.6 మీద అది 14.5 శాతం పెరుగుదల. శాతాల్లోనే తేడా చెప్పాల్సి వచ్చినప్పుడు "వందలో 59 మంది నుంచి 67 మందికి" అనేస్తే గొడవ ఉండదు.

రెండే చుక్కలు ఉన్నప్పుడు వాటిని కలిపి ముందుకు గీత సాగదీసి "2030 నాటికి" అనకండి. వెనక్కి సాగదీయడం కూడా కుదరదు. తెలంగాణ ఏర్పడింది 2014 జూన్ 2న. 2005-06లో జరిగిన మూడో విడత అంకెలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వి. ఆ చుక్కను తెలంగాణ గీతకు ముడిపెట్టిన చార్టు చూస్తే పక్కన పెట్టేయండి.

మ్యాపు జోలికి పోతే

మన వైపు జిల్లా మ్యాపు గీయడమంత తలనొప్పి ఇంకోటి లేదు. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్ ఐదు జిల్లాలైంది: వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది.

ఐదో విడత సర్వే తెలంగాణను 31 జిల్లాలుగా చూసింది. అందులో ములుగు విడిగా లేదు. వరంగల్ అర్బన్, రూరల్ పాత పేర్లతోనే ఉన్నాయి. పేరు మార్చేస్తే సరిపోతుందనుకుంటారు, సరిపోదు. 2021లో మండలాలు కూడా అటూ ఇటూ అయ్యాయి. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు అర్బన్‌లో ఉండేవి, ఇప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్నాయి. పరకాల, నడికూడ, దామెర రూరల్ నుంచి హనుమకొండకు వచ్చాయి. అందుకే సర్వే నాటి హద్దులతోనే మ్యాపు గీసి, "2019 నాటి జిల్లాలు" అని రాయాలి. ములుగు వాళ్లు తమ జిల్లా ఏదని అడుగుతారు. మ్యాపు మీదే చిన్న బాణం పెట్టి, "అప్పటికి భూపాలపల్లిలో భాగంగా లెక్కించారు" అని చెప్పండి.

ఇంకో సంగతి: మ్యాపులో అడవి బాగా కనిపిస్తుంది, జనం కనబడరు. భూపాలపల్లి రంగు కాగితంలో పెద్ద చోటు తీసుకుంటుంది. 2011లో 39 లక్షల మంది ఉన్న హైదరాబాద్ చుక్కంత ఉంటుంది. పోలిక ముఖ్యమైతే మ్యాపు మానేసి జిల్లాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా కడ్డీల్లో పెట్టడం మేలు. "ఎక్కడ" అన్నదే కథ అయినప్పుడు మాత్రమే మ్యాపు.

రంగులు, మనుషుల బొమ్మలు

తెలంగాణలో గులాబీ, కాషాయం, మూడు రంగులు వాడితే అది ఆరోగ్య మ్యాపు కాదు, ఎన్నికల ఫలితాల మ్యాపు. ఎవరు ఎక్కడ గెలిచారో వెతుకుతారు. నీలమో, మట్టి రంగో ఒకటి తీసుకుని ముదురు, లేత తేడాతో పని నడిపించండి. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లు మగవాళ్లలో కొంతమంది ఉంటారు, ఆ జంటను పక్కపక్కన పెట్టకండి. పైగా మీ బొమ్మ ఎప్పుడో ఒకప్పుడు పీహెచ్‌సీలో నలుపు-తెలుపు జిరాక్స్ అవుతుంది. పంపే ముందు ఒక జిరాక్స్ తీసి చూడండి, ఆపరేషన్ గడి, మామూలు గడి వేరుగా తెలియాలి.

ఉచితంగా దొరికే గుర్తుల్లో గర్భిణి అంటే గౌను వేసుకున్న మనిషే. చీరకట్టు గుర్తు గీయించుకోండి, డీటీపీ షాపులో చేసిపెట్టేవాళ్లు ఉన్నారు. ఇంకో జాగ్రత్త: రక్తహీనత అనగానే లంబాడీ దుస్తుల్లోనో, కోయ గూడెం ముందరో ఉన్న ఆడమనిషి ఫొటో పెట్టడం. మహబూబాబాద్, ములుగు బొమ్మల్లో ఇది మామూలైపోయింది. రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు ఉన్న సమస్యను ఒక తెగ నెత్తిన, ఒక తండా నెత్తిన పెట్టినట్టవుతుంది.

భయపెట్టకుండా చెప్పండి

ఆపరేషన్ అవసరమైన తల్లి మీ బొమ్మ చూసి వద్దని మొండికేస్తే ఎంత అందంగా గీసినా దండగ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మాటలో రెండు భాగాలు ఉన్నాయి. జనాభా మొత్తం మీద ఆపరేషన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు తగ్గడంతో సంబంధం కనిపించలేదన్నది ఒకటి. ఫలానా శాతానికి చేరాలని పట్టుబట్టడం కాదు, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందాలన్నది రెండోది. మొదటిది మాత్రమే వేసుకుని రెండోది వదిలేయడం చాలాచోట్ల చూస్తాం. రెండూ వేయండి.

కారణం జోలికి కూడా పోకండి. ముహూర్తం చూసుకుని కోత పెట్టించుకునే అలవాటు, డబ్బు, నొప్పులంటే భయం, మొదటి కాన్పు ఆపరేషన్ కావడం, ఒక్కొక్కరు ఒక్కటి చెబుతారు. 60.7 అన్న అంకె మాత్రం ఎందుకో చెప్పదు. పంచాంగం బొమ్మ ఒకటి మూలన గీస్తే సరదాగా ఉంటుంది, కానీ సర్వే చెప్పని మాటను సర్వే నెత్తిన రుద్దినట్టే.

తెలుగు అక్షరాలు

డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లలో టైపు చేస్తారు. అది యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. ఫోన్‌లోకో, ఆన్‌లైన్ టూల్‌లోకో కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. మొదటి నుంచీ యూనికోడ్‌లోనే రాయండి. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. ఫోటోషాప్‌లో వత్తులు విడిపోతుంటే సెట్టింగుల్లో దక్షిణాసియా భాషలకు పనికొచ్చే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. ఇంక్‌స్కేప్ ఉచితం, అందులో ఈ బాధ ఉండదు. పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి వరసల మధ్య చోటు ఇంగ్లిష్‌కు ఇచ్చేదానికంటే ఎక్కువ ఇవ్వాలి.

అంకెల్లో మిలియన్, బిలియన్ ఉంచకండి. పది లక్షలు ఒక మిలియన్, వంద కోట్లు ఒక బిలియన్. చార్టు టూల్స్ కామాలను మూడు మూడు అంకెలకు పెడతాయి, భాషను ఇండియా ఇంగ్లిష్‌కు మారిస్తే 35,12,576 అని మన పద్ధతిలో వస్తుంది. మాటలు కూడా మన నోట్లోవే కావాలి: "సంస్థాగత ప్రసవాలు" అంటే ఆశా కూడా ఒక క్షణం ఆగుతుంది, "దవాఖాన కాన్పులు" అంటే ఎవరూ ఆగరు.

కింది పట్టీ, పరీక్ష, పంపడం

అడుగున ఒక పట్టీ వదలండి. మన బొమ్మకు అది ఇలా ఉండొచ్చు: "జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5, తెలంగాణ, 27,351 ఇళ్లు, జూన్-నవంబర్ 2019. సర్వేకు ముందు ఐదేళ్లలో జరిగిన కాన్పులు. గడులు దాదాపు." తర్వాత బొమ్మ చేసిన తేదీ. కత్తిరించి ముందుకు పంపేవాళ్లు పట్టీనే కోసేస్తారు కాబట్టి ఏడాదిని మాత్రం శీర్షికలో కూడా పెట్టండి.

నిలువు బొమ్మ, 1080 బై 1350 పిక్సెళ్లు, ఫోన్‌కు సరిపోతుంది. మీ ఫోన్‌కే పంపుకుని, చేయి చాపినంత దూరంలో పెట్టి, వేళ్లతో పెద్దది చేయకుండా చదవండి. చదవలేకపోతే మాటలు తీసేయండి, అక్షరాలు చిన్నవి చేయకండి. వాట్సాప్ ఫొటోను నలిపేస్తుంది, ముద్రణకు ఇవ్వాల్సినవాళ్లకు డాక్యుమెంట్‌గా పంపాలి.

పంపే ముందు ఒక ఆశాకు, ఒక డిగ్రీ పిల్లకు, లెక్కలంటే గిట్టని ఒక మనిషికి చూపించండి. "ఎట్లుంది?" అని అడగొద్దు. "మస్తుంది" అంటారు, అయిపోతుంది. "ఇది ఏం చెప్తుంది?" అని అడిగి ఊరుకోండి. మధ్యలో అందుకోకండి, బయట మీరు ఉండరు. "ప్రైవేటులో 39 శాతమే ఆపరేషన్లట" అని ఎవరైనా అన్నారంటే, వందలో 39 అన్నది మొత్తం కాన్పుల్లోదని, ప్రైవేటు కాన్పుల్లో చూస్తే 81.5 అని బొమ్మ చెప్పలేకపోయిందన్నమాట. ఆ సగం పైన "47 కాన్పుల్లో 39" అని పెద్దగా రాసి మళ్లీ చూపించండి. చదవడం రానివాళ్లున్న గ్రూపుల్లో బొమ్మతో పాటు అర నిమిషం వాయిస్ మెసేజ్ కూడా పెట్టొచ్చు.

అంకెలన్నీ, గుణకారంతో సహా, ఒక ఎక్సెల్ షీటులో పెట్టుకుని బొమ్మ ఫైలు పక్కనే దాచండి. ఎవరైనా ఫోన్ చేసి "ఈ 22 ఎక్కడిది?" అంటే తీసి చూపించగలగాలి. కొత్త విడత పట్టిక వచ్చినప్పుడు అదే షీటులో అంకెలు మార్చి, ముందు గుణించి, లెక్క కుదిరాకే గడులకు రంగు వేయండి.